ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ డిగ్రీకి కెమిస్ట్రీ ఎంత ఉండాలి? సిలబస్ మారుస్తున్నాం, మీ మాట చెప్పండి

ఈవీఎస్_లెక్చరర్ అడిగారు:

అందరికీ నమస్కారం. మా అటానమస్ కాలేజీలో ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ డిగ్రీ నడుస్తోంది. వచ్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగ్‌లో కెమిస్ట్రీ పేపర్ల మార్పు మీద ప్రతిపాదన నేనే పెట్టాలి. అది రాసేలోపు ల్యాబుల్లో పనిచేసేవాళ్లు, కెమిస్ట్రీ చెప్పేవాళ్లు, ఇదే డిగ్రీ చదివి బయటికొచ్చినవాళ్లు ఏమంటారో వినాలని ఉంది. డిగ్రీ పిల్లలందరికీ ఉండే కంపల్సరీ ఈవీఎస్ పేపరు సంగతి కాదు నేనడిగేది. లాయర్ ఎం.సి.మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట వచ్చిన పేపరు అది, దాని గొడవ వేరు. నాది దీన్నే మెయిన్‌గా తీసుకుని చదివేవాళ్ల గురించి.

ఇప్పుడు మా దగ్గర మొదటి మూడు సెమిస్టర్లలో మూడు కెమిస్ట్రీ పేపర్లున్నాయి. ఇనార్గానిక్, ఆర్గానిక్, ఫిజికల్. కెమిస్ట్రీ మేజర్ వాళ్లతో కలిపి ఒకే క్లాసులో కూర్చోబెడతారు, అదే సిలబస్, అదే ప్రశ్నపత్రం. అంటే డైబోరేన్ నిర్మాణం, నేమ్ రియాక్షన్లు, ష్రోడింగర్ సమీకరణం అన్నీ చదవాలి. చదవకూడదని కాదు. కానీ ఎవరైనా కాలువ నీళ్లు సీసాలో పట్టుకొచ్చి "ఇందులో ఏముంది మేడమ్" అని అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకుండానే మా విద్యార్థిని డిగ్రీ పట్టా తీసుకుంటోంది. ఆల్డాల్ కండెన్సేషన్ మాత్రం మెకానిజంతో సహా రాయగలదు, పరీక్ష అయ్యేదాకా.

రెండో ఇబ్బంది అడ్మిషన్లది. బైపీసీ, ఎంపీసీ వాళ్లతో పాటు సీఈసీ, హెచ్‌ఈసీ వాళ్లూ మా కోర్సులో చేరుతున్నారు. వాళ్లు కెమిస్ట్రీ చివరిసారి చూసింది పదో తరగతి ఫిజికల్ సైన్స్ పుస్తకంలో. బ్యాక్‌లాగులన్నీ ఈ మూడు పేపర్లలోనే పోగవుతాయి, ఆ బ్యాక్‌లాగులు కట్టలేక కోర్సే మానేసినవాళ్లు ఉన్నారు. ఇంట్లో మొట్టమొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన పిల్లలు వాళ్లలో చాలామంది. ఇది నన్ను బాగా కష్టపెడుతోంది.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక వర్గం మూడూ తీసేసి నాలుగు క్రెడిట్ల ఎన్విరాన్‌మెంటల్ కెమిస్ట్రీ పేపరు ఒక్కటి పెడదామంటోంది, మిగిలిన చోట పర్యావరణ చట్టాలు, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల విద్య) వస్తాయి. ఇంకో వర్గం ఏదీ కదపొద్దంటోంది. తీసేస్తే ఎమ్మెస్సీ ఎంట్రన్సులో పిల్లలు దెబ్బతింటారని, యూజీసీ నెట్ ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్‌లో ఎన్విరాన్‌మెంటల్ కెమిస్ట్రీకి విడిగా ఒక పూర్తి యూనిట్ ఉందని వాళ్ల వాదన. అదీ నిజమే. మీరైతే ఏది ఉంచుతారు, ఏది తీస్తారు?


కెమిస్ట్రీ_మాస్టారు రాశారు:

మేడమ్, నేను కెమిస్ట్రీవాణ్ని కాబట్టి నా మాట పక్షపాతంగా అనిపించొచ్చు, అయినా చెప్తాను. ఒక్క పేపరుకి కుదించకండి. ఎన్విరాన్‌మెంటల్ కెమిస్ట్రీ అని పేరు పెట్టి నాలుగు క్రెడిట్లలో గాలి, నీరు, నేల, చెత్త, ఓజోన్, ఆమ్ల వర్షం అన్నీ పెడితే అది కాలుష్య కారకాల పేర్ల పట్టిక అవుతుంది, అంతకుమించి ఏమీ కాదు. ఎస్‌ఓటూ (సల్ఫర్ డయాక్సైడ్) ఎక్కడినుంచి వస్తుంది, దాని దుష్ఫలితాలు రాయుము. ఇది ఇంటర్ స్థాయి.

మీ మూడింటిలో మీ పిల్లలకి అన్నిటికన్నా కావలసింది ఫిజికల్ కెమిస్ట్రీ. అందరూ మొదట తీసేయాలనుకునేదీ అదే. క్వాంటమ్ తీసేయండి, నేను అడ్డం చెప్పను. కానీ సమతాస్థితి, చర్యావేగం, ఉష్ణగతికం ముట్టుకోవద్దు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ గ్యాస్ లీకు గుర్తుందిగా. ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ వేడెక్కింది. స్టైరీన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పాలిమర్ అయ్యేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి చర్య ఇంకా జోరందుకుంటుంది, దాంతో ఇంకా వేడి. దాన్ని ఆపడానికి టీబీసీ అనే ఇన్‌హిబిటర్ కలుపుతారు, అది పనిచేయాలంటే ద్రవంలో కొంచెం ఆక్సిజన్ కరిగి ఉండాలి, ఉష్ణోగ్రత తక్కువగా ఉండాలి. ఆవిరి గాలికంటే బరువు కాబట్టి నేలబారున ఊళ్లోకి పాకింది. దీన్ని అర్థం చేసుకోవడానికి కావలసినదల్లా ఉష్ణోగ్రత పెరిగితే చర్యావేగం ఎలా పెరుగుతుంది, ఉష్ణమోచక చర్య అంటే ఏమిటి, సాంద్రత అంటే ఏమిటి. మీ పిల్లలు రేపు ఏ ఫ్యాక్టరీ ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టో చదివేటప్పుడు నిల్వ ట్యాంకుల పేజీ దగ్గర ఆగి ప్రశ్న అడగగలగాలంటే ఇది తెలియాలి. నాకైతే ఇది చాలా ముఖ్యం.

ఇనార్గానిక్‌లో ఎస్ బ్లాకు, పీ బ్లాకు మూలకాల సంయోగాలు ఒక్కొక్కటీ చెప్పే పద్ధతి ఆపేసి కాంప్లెక్సులు, ద్రావణీయత, రెడాక్స్ ఉంచండి. ఆర్గానిక్ సగానికి తగ్గించొచ్చు.

ఇంకొకటి, ఇది మీటింగ్‌లో ఎవరూ పైకి అనరు. పేపర్లు తగ్గితే కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ వర్క్‌లోడ్ తగ్గుతుంది, వర్క్‌లోడ్ తగ్గితే ముందు పోయేది గెస్ట్ లెక్చరర్ ఉద్యోగం. అందుకే అక్కడ వ్యతిరేకత వస్తుంది. కాబట్టి గంటలు తగ్గించకుండా సిలబస్ మాత్రం మార్చి, మీ పిల్లలకి విడిగా సెక్షన్ పెట్టమని అడగండి. అప్పుడు కెమిస్ట్రీవాళ్లే మీ తరఫున మాట్లాడతారు.


నీళ్ల_ల్యాబ్ రాశారు:

నేను తాగునీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను, కొత్తగా చేరేవాళ్లకి పని నేర్పేది నేనే. ఎన్విరాన్‌మెంటల్ డిగ్రీ చేసినవాళ్లు వస్తే నాకు సంతోషంగా ఉంటుంది, ఎందుకంటే శాంపిల్ ఎక్కడినుంచి వచ్చిందో వాళ్లకి పట్టింపు ఉంటుంది. కానీ నిర్వచనాలు వచ్చు, లెక్క రాదు. వెయ్యి పీపీఎం స్టాండర్డ్ నుంచి ఐదు పీపీఎం వంద మిల్లీలీటర్లు తయారు చెయ్యమంటే అర మిల్లీలీటరు తీసుకోవాలని తేల్చడానికి కాగితం, పెన్ను, కంగారు.

యూనిట్లు ఇంకా ఘోరం. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేట్ హద్దు లీటరుకి 45 మిల్లీగ్రాములు. అమెరికా వాళ్ల హద్దు 10 అని చదివి "మనవాళ్లు నాలుగింతలు వదిలేశారు" అని రాసేవాళ్లుంటారు. ఆ 10 నైట్రోజన్‌గా లెక్కించినది, మన 45 నైట్రేట్‌గా లెక్కించినది, రెండూ దాదాపు ఒకటే. మోలార్ ద్రవ్యరాశి తెలిసినవాడు అర నిమిషంలో తేల్చే విషయం ఇది. నీటి కఠినత్వాన్ని కాల్షియం కార్బొనేట్‌గా ఎందుకు చెప్తారో కూడా ఇంతే, ఎవరూ చెప్పరు.

నాకు అవకాశం ఇస్తే మొదటి సెమిస్టరంతా కొలవడం మీదే పెడతాను. బ్లాంకు (శాంపిల్ లేకుండా చేసే పరీక్ష) ఎందుకు పెడతాం, అదే శాంపిల్ రెండుసార్లు ఎందుకు చేస్తాం, క్యాలిబ్రేషన్ గీత దాటిన రీడింగుని ఎందుకు నమ్మకూడదు. ఫ్లోరైడ్ కొలిచే స్పాడ్న్స్ అనే రంగు పద్ధతి లీటరుకి 1.4 మిల్లీగ్రాముల దాకానే పనిచేస్తుంది, అంతకన్నా ఎక్కువుంటే పల్చన చేసి మళ్లీ చూడాలి. మన బోర్లలో అంతకన్నా ఎక్కువ వచ్చే ఊళ్లు బోలెడు, అక్కడే తప్పుడు అంకెలు రిపోర్టులోకి ఎక్కేది.

అయాన్ బ్యాలెన్స్ తప్పకుండా నేర్పండి. ఒక నీటి రిపోర్టులో కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం అన్నీ మిల్లీఈక్వివలెంట్లలోకి (చార్జి లెక్కలోకి) మార్చి కూడి, అటు బైకార్బొనేట్, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్ కూడితే రెండు మొత్తాలూ దాదాపు సమానం కావాలి. కాకపోతే ఏదో ఒకటి తప్పు కొలిచారు, లేదా ఏదో ఒకటి కొలవలేదు. ల్యాబులో అడుగు పెట్టకుండానే ఒక రిపోర్టు నమ్మదగిందా కాదా చెప్పే విద్య ఇది. కలెక్టరేట్‌లో పనిచేసినా, ఎన్జీవోలో చేసినా, పేపర్లో రాసినా పనికొస్తుంది. దీనికి కావలసింది చార్జి, మోల్, కూడిక. అంతే.

ప్రాక్టికల్స్ మాత్రం ఒక్క గంట కూడా తగ్గించకండి. కరిగిన ఆక్సిజన్ వింక్లర్ పద్ధతిలో స్వయంగా చేసిన పిల్ల రెడాక్స్ మర్చిపోదు. బీఓడీ (సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలత) మన దగ్గర 27 డిగ్రీల్లో మూడు రోజులు పెడతారు, పాత పుస్తకాల్లో 20 డిగ్రీల్లో ఐదు రోజులని ఉంటుంది. ఎందుకు అని అడిగితే చాలు, మాస్టారు గారు చెప్పిన చర్యావేగం అక్కడే దొరుకుతుంది. సీఓడీకి (రసాయనంతో ఆక్సిజన్ అవసరం కొలిచే పరీక్షకి) మాత్రం జాగ్రత్త. డైక్రోమేట్, మెర్క్యురిక్ సల్ఫేట్ వాడతాం, ఆ వ్యర్థం సింకులో పోస్తే పర్యావరణ విభాగమే మురుగులోకి పాదరసం వదిలినట్టు. టీచర్ ఒక్కరు చేసి చూపించి, వ్యర్థాన్ని విడిగా క్యానులో దాచి, ఎందుకు దాస్తున్నామో చెప్పడం మేలు.


హెచ్‌ఈసీ_నుంచి_వచ్చా రాశారు:

మేడమ్, నేను మీరు చెప్పిన పిల్లల్లోంచి వచ్చినదాన్నే. ఇంటర్ హెచ్‌ఈసీ, తెలుగు మీడియం, తర్వాత ఇదే డిగ్రీ వేరే కాలేజీలో. ఇప్పుడు ఊళ్లలో తాగునీటి మీద పనిచేసే సంస్థలో ఉన్నాను. మా కోసమని కెమిస్ట్రీ తీసేయకండి. దయచేసి.

ఎందుకంటే తీసేస్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. బైపీసీ వాళ్లు ఆప్షనల్‌గా తీసుకుంటారు, మాలాంటివాళ్లని "మీకు పాలసీ చాల్లే" అంటారు. తర్వాత ఉద్యోగాల దగ్గర రెండు రకాల డిగ్రీలవుతాయి, ఒకటి ల్యాబుకి, ఒకటి మీటింగులకి కుర్చీలు వేయడానికి.

మాకు కష్టమైంది కెమిస్ట్రీ కాదు, దాని ముందున్నది. పీహెచ్ అంటే లాగరిథమ్. లాగ్ అనేది మాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు, సార్ నేరుగా మైనస్ లాగ్ అని బోర్డు మీద రాసి ముందుకెళ్లిపోయారు. పది మైనస్ ఐదో ఘాతం అంటే ఎంతో కళ్లకి కనిపించేలా చెప్తే మిగతాది వచ్చేస్తుంది. అందుకని మొదటి సెమిస్టర్ మొదలయ్యే ముందు కొన్ని వారాలు బ్రిడ్జి కోర్సు పెట్టండి, తెలుగులో. ఘాతాలు, లాగ్, నిష్పత్తి, మోల్, సమీకరణం తుల్యం చేయడం. మార్కులు లేకుండా, ఫెయిల్ లేకుండా. ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివిన పిల్లల్నే పక్కన కూర్చోబెట్టండి, మేం అలాగే నేర్చుకున్నాం.

నా పనిలో రోజూ ఎదురయ్యేది చెప్తాను. ఊళ్లో నీళ్ల ప్లాంటువాళ్లు టీడీఎస్ మీటరు ముంచి "చూడండమ్మా 180 వచ్చింది, నీళ్లు మంచివి" అంటారు. ఆ మీటరు కొలిచేది నీటిలో కరెంటు ఎంత పారుతుందో, దాన్నిబట్టి మొత్తం లవణాలు ఎంతో అంచనా. అందులో ఫ్లోరైడ్ లీటరుకి మూడు మిల్లీగ్రాములుంటే ఆ అంకెలో తేడా కూడా తెలియదు. మూడు మిల్లీగ్రాములంటే హద్దుకి రెండింతలు, పిల్లల పళ్లు పాడయ్యేంత. ఇది ఊళ్లో ఆడవాళ్లకి తెలుగులో చెప్పగలుగుతున్నానంటే ఆ బ్యాక్‌లాగ్ భయంలోనే నేర్చుకున్న కెమిస్ట్రీ వల్ల. చట్టాలు నేను తర్వాత సొంతంగా చదువుకున్నాను. కెమిస్ట్రీ సొంతంగా చదువుకోవడం నావల్ల అయ్యేది కాదు.


రిటైర్డ్_ప్రొఫెసర్ రాశారు:

పై అమ్మాయి ఫ్లోరైడ్ ప్రస్తావించింది కాబట్టి దాన్నే పట్టుకుని చెప్తాను. సిలబస్‌లో ఏముండాలన్నది సగం ప్రశ్నే, ఏ వరుసలో ఉండాలన్నది మిగతా సగం. మన పద్ధతిలో ముందు సిద్ధాంతం, చివరి యూనిట్‌లో అనువర్తనాలు. చివరి యూనిట్ ఎప్పుడూ పూర్తి కాదు.

ఫ్లోరైడ్‌తో మొదలుపెట్టి చూడండి. మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట రిపోర్టయింది 1937లో, నెల్లూరు జిల్లాలో. నల్లగొండ సంగతి అందరికీ తెలుసు. గ్రానైట్ రాళ్లలోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి వస్తుంది, సరే. మరి పక్కపక్క బోర్లలో ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ ఎందుకు? కాల్షియం ఫ్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం (ఎంత కరగగలదో చెప్పే స్థిరాంకం) తీసుకోండి, 25 డిగ్రీల దగ్గర సుమారు 3.5 ఇంటూ పది మైనస్ పదకొండో ఘాతం. నీటిలో కాల్షియం లీటరుకి 40 మిల్లీగ్రాములుంటే ఫ్లోరైడ్ గరిష్ఠంగా మూడున్నర మిల్లీగ్రాముల దాకా కరిగి ఉండగలదు. కాల్షియం పదికి పడిపోతే ఏడు దాకా పోవచ్చు. ఇది మోటు లెక్కే, మిగతా అయాన్ల ప్రభావం వదిలేశాం, కానీ దిశ కనిపిస్తుంది. అంటే సోడియం, బైకార్బొనేట్ ఎక్కువుండి కాల్షియం తక్కువున్న మెత్తటి నీళ్లలోనే ప్రమాదం. తాగడానికి రుచిగా ఉంటాయి, సబ్బు బాగా నురుగొస్తుంది, జనం అవే ఇష్టపడతారు. కాల్షియం ఎటు పోయింది అని అడిగితే బైకార్బొనేట్ ఎక్కువున్నచోట అది కార్బొనేట్‌గా అవక్షేపం అయిపోతుందని పీహెచ్ దగ్గరికి వస్తారు.

తర్వాత నల్లగొండ పద్ధతి. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి తేర్చి వడగడతారు. పటిక నీళ్లలో ఆమ్లత్వం పెంచుతుంది, అందుకని సున్నం. పటిక ఎంత వేయాలన్నది నీటి ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) మీద ఆధారపడుతుంది. ఎక్కువ వేస్తే అల్యూమినియం మిగులుతుంది. ద్రావణీయత, ఆమ్ల క్షార సమతాస్థితి, జలవిశ్లేషణ, కొల్లాయిడ్లు, ఇవన్నీ ఒక్క బిందె నీళ్లలో వచ్చేశాయి. ఒక పేపరులో ఇలాంటివి నాలుగైదు సమస్యలు పెట్టండి, యూనిట్ పేరు సిద్ధాంతానిది కాకుండా సమస్యది పెట్టండి. లోపల చెప్పేది మాత్రం గట్టి కెమిస్ట్రీ. అప్పుడు నెట్ గురించి భయం అక్కర్లేదు.


భీమవరం_ఆక్వా రాశారు:

ప్రొఫెసర్ గారూ, దీనికి మా చెరువుల సమస్య ఒకటి కలపండి. అమ్మోనియా టెస్టు కిట్‌లో ఉదయం, మధ్యాహ్నం ఒకటే రీడింగు వస్తుంది, కానీ మధ్యాహ్నం రొయ్యలు ఇబ్బంది పడతాయి. కిట్ చూపించేది అమ్మోనియా, అమ్మోనియం కలిపి. విషం అమ్మోనియాది. పీహెచ్ 8 దగ్గర అది మొత్తంలో ఐదు శాతం, 9 దగ్గర మూడో వంతు దాటుతుంది. ఎండ ఎక్కేకొద్దీ నీటిలోని ఆల్గే కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంది, పీహెచ్ పైకి పోతుంది. మా రైతులు ఇది అనుభవం మీద తెలుసుకున్నారు, కారణం చెప్పగలిగే కుర్రాళ్లు దొరకడం లేదు. చదువుకున్న పిల్లలు వస్తే ఇక్కడ పని ఉంది, జీతాలూ ఉన్నాయి.


ఎమ్మెస్_అమెరికా రాశారు:

ఇక్కడ చాలా యూనివర్సిటీల్లో ఇవి రెండు వేరు డిగ్రీలు. ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ బీఏ అయితే కెమిస్ట్రీ ఒక కోర్సు చాలు, కొన్ని చోట్ల అదీ అక్కర్లేదు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ బీఎస్ అయితే ల్యాబుతో సహా రెండు సెమిస్టర్ల జనరల్ కెమిస్ట్రీ, చాలాచోట్ల ఆర్గానిక్ కూడా. మన దగ్గర పేరు స్టడీస్ అని పెట్టినా పిల్లలు వెళ్లేది సైన్స్ ఉద్యోగాలకి, సైన్స్ పీజీలకి. పై చదువుకి ఇటు రావాలనుకుంటే ట్రాన్‌స్క్రిప్టులో కెమిస్ట్రీ పేరున్న పేపర్లు కనబడాలి, ల్యాబు గంటలు విడిగా కనబడాలి. పేపర్ల పేర్లు పెట్టేటప్పుడు ఇది చూసుకోండి.

ఆర్గానిక్ సగానికి తగ్గించొచ్చన్న మాస్టారు గారితో ఏకీభవిస్తాను గానీ ఏ సగం అన్నది ముఖ్యం. సంశ్లేషణ తీసేయండి. ఒక అణువు నిర్మాణం చూసి అది నీళ్లలో ఉంటుందా, కొవ్వులో చేరుతుందా, బురదకి అంటుకుంటుందా, ఎండకి విరుగుతుందా చెప్పగలగడం ఉంచండి. డీడీటీ ఎందుకు మిగిలిపోతుంది, ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఎందుకు తొందరగా విడిపోతాయి అన్నవి ఈ లెక్కలోనివే. పటాన్‌చెరు మందుల కంపెనీల మురుగు శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. శుద్ధి చేసిన తర్వాతి నీళ్లవి. బీఓడీ తగ్గించే ప్లాంటు ఆ అణువుని ఎందుకు ఆపలేదు అన్న ప్రశ్న మన తెలుగు పిల్లలు మన భాషలో అడగాలి, అది ఆర్గానిక్ కెమిస్ట్రీ ప్రశ్న.


ఈవీఎస్_లెక్చరర్ రాశారు:

అందరికీ చాలా థాంక్స్. ఒకే పేపరు ప్రతిపాదన నేను పెట్టను, అది తేలిపోయింది. ఇప్పుడు నా మనసులో ఉన్న రూపం ఇది. తెలుగులో మార్కుల్లేని బ్రిడ్జి కోర్సు ముందు. మొదటి సెమిస్టర్‌లో కొలవడం, యూనిట్లు, నీటి విశ్లేషణ, అయాన్ బ్యాలెన్స్‌తో సహా. రెండులో సమతాస్థితి, రెడాక్స్, చర్యావేగం, ఫ్లోరైడ్, చెరువు అమ్మోనియా, నిల్వ ట్యాంకు లాంటి సమస్యల ద్వారా. మూడులో కాలుష్య అణువుల ఆర్గానిక్. మూడింటికీ ప్రాక్టికల్స్, విడి సెక్షన్, పాఠం చెప్పేది కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ వాళ్లే. చట్టాలకి చోటు వేరే ఎలక్టివ్‌లో వెతుకుతాం. ప్రశ్నపత్రం కూడా మారాలి, లేకపోతే మళ్లీ పాత నోట్సులే తిరుగుతాయి, కాబట్టి మోడల్ పేపర్ కూడా జతచేస్తాను.

నీళ్ల ల్యాబ్ గారూ, ఒక చిన్న సాయం. పిల్లల్ని సొంత ఊరి బోరు నీళ్లు తెమ్మని ఫ్లోరైడ్ పెడదామనుకుంటున్నాను. ఎలా తెమ్మని చెప్పాలి?


నీళ్ల_ల్యాబ్ రాశారు:

ప్లాస్టిక్ సీసాలోనే తెమ్మనండి, గాజు వద్దు. కొత్త వాటర్ బాటిల్ అయినా ఆ బోరు నీళ్లతోనే రెండుమూడుసార్లు కడిగి పట్టాలి. పంపు వెయ్యగానే పట్టొద్దు, పైపులో నిలవున్న నీళ్లు పోయేదాకా కాసేపు వదలాలి. ఊరు, బోరు ఎక్కడుంది, లోతు, తేదీ సీసా మీదే రాయాలి, మూత మీద కాదు, మూతలు మారిపోతాయి. ఆర్వో ప్లాంటు నీళ్లు కూడా ఇంకో సీసాలో తెమ్మనండి, రెండూ పక్కపక్కన చెయ్యొచ్చు. మీ స్టాండర్డ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలంటే చెప్పండి, మా దగ్గర కొలిచిన శాంపిల్ ఒకటి విలువ చెప్పకుండా పంపిస్తాను, పిల్లలు ఎంత తెస్తారో చూద్దాం.